ఇంటికి వచ్చిన విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయమునకు మూడు పనులు గలవు. జ్ఞానమును కూర్చి దాచుట మొదటిది. దానిని శిష్యులకు బోధించుట రెండవది. నేర్చినవాడు నిజముగా నేర్చెనని లోకమునకు సాక్ష్యమిచ్చుట మూడవది. ఈ మూడును చిరకాలము ఒకే ప్రాకారము లోపల జరిగినందున ఇవి విడదీయరానివని మన పెద్దలు తలచిరి. పెద్దచదువు కావలసినవాడు మూటముల్లె కట్టుకొని పట్టణమునకు పోవుట తప్పదనుకొనిరి. నేడు ఆ మూడు పనులును వేరువేరు త్రోవలు పట్టుచున్నవి. గ్రంథములు అరచేతి యంత్రములోనికి దిగినవి. మహాపండితుల యుపన్యాసములు మారుమూల పల్లెలో సైతము వినబడుచున్నవి. కాలేజీలో చేరుటకు దరఖాస్తు కూడ కంప్యూటరు ముందు కూర్చుండియే పంపవచ్చును. అట్లైన విశ్వవిద్యాలయము ఇక దేనికి అని కొందరడుగుచున్నారు. ఈ ప్రశ్న అల్లరిది కాదు. బిడ్డలను చదివించు ప్రతి గృహస్థునకును సంబంధించినది. కరీంనగరు, ఆదిలాబాదు సీమల విద్యాచరిత్రను ఒకసారి తిరుగవేసినచో దీనికి సమాధానము కొంతవరకైనను దొరకునని మా నమ్మకము.

జ్ఞానమును నలుగురి కన్నుల యెదుట పెట్టవలెనను కోరిక ఈ సీమకు క్రొత్తది కాదు. కరీంనగరు జిల్లాలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద సుమారు క్రీ.శ. 945 నాటి శాసనమొకటి కలదు. కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు దానిని చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలును గలవు. తెలుగు కందపద్యములును గలవు. దారిన పోవువాడు ఏ భాష వాడైనను తనకు తెలిసిన భాషలో చదువుకొనునట్లు రాతిపై వ్రాయించిన ఆ బుద్ధి మెచ్చదగినది. కాని రాయి కదలదు. తాళపత్రము కదలునుగాని, దానికి నకలు వ్రాయువాడు కావలెను. అందుచేత శాస్త్రము చదువగోరినవాడు గ్రంథమున్న చోటికి, గ్రంథము నెరిగిన గురువున్న చోటికి పోవలసివచ్చెను. గురుకులము లేర్పడుటకు భక్తి యొక కారణమైనచో, గ్రంథముల కరవు మరియొక కారణము. ఆ కరవు వెంటనే మరియొక యనర్థమును వచ్చెను. గ్రంథ మెవరి యింట నుండునో వారి కులమువారికే చదువనియు, స్త్రీలకును తక్కినవారికిని అది పనికిరాదనియు నొక కట్టుబాటు నిలిచిపోయెను.

అచ్చుయంత్రము వచ్చి ఆ కట్టుబాటును కొంత సడలించెను. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసెను. 1906 లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి చరిత్రము, శాస్త్రము తెలుగులో అచ్చువేయ మొదలిడెను. అప్పటికి ఈ రాజ్యమున విశ్వవిద్యాలయమే లేదు. అనగా తెలంగాణమున తెలుగువారికి మొదటి విశ్వవిద్యాలయము గ్రంథాలయమే.

తరువాత 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రారంభమయ్యెను. దాని కొక సంవత్సరము ముందే అనువాదశాల నొకదానిని నెలకొల్పి, పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెప్పించిరి. ఉన్నతవిద్యను భారతీయ భాషలో చెప్పవచ్చునని చేసి చూపిన కీర్తి దానికి దక్కినది. వైద్యము, న్యాయము, గణితము ఆంగ్లములో తప్ప చెప్పరావనువారి నోరు ఆనాడు మూతపడెను. కాని ఆ భారతీయ భాష తెలుగు కాదు. కరీంనగరు పల్లె నుండి పోయిన రైతుబిడ్డకు ఇంటి భాష యొకటి, బడి భాష యొకటి అయ్యెను. వేములవాడ చెంతనున్న హనుమాజీపేటలో 1931 లో జన్మించిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమమున చదువుకొని, పిదప తెలుగులో మహాకవియై 1988 సంవత్సరపు జ్ఞానపీఠమును పొందిరి. అట్టి ప్రతిభావంతులు రెండు భాషల నడుమ వంతెన కట్టుకొని దాటగలిగిరి. దాటలేక ఈ యొడ్డుననే నిలిచిపోయినవారి పేర్లు ఏ గ్రంథమునను లేవు.

తెలుగులో కాలేజీ పాఠ్యగ్రంథములు తెచ్చుటకు తెలుగు అకాడమీ 1968 లో గాని పుట్టలేదు. వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు గారు దాని తొలి అధ్యక్షులు. ఉస్మానియాకును దీనికిని నడుమ ఏబది యేండ్లు గడచెను. ఆ కాలమందు తరగతి గదిలో జరిగినదేమి? పుస్తకము లేనందున అధ్యాపకుడు నోట్సు చెప్పుట, శిష్యుడు వ్రాసికొనుట. తాళపత్రపు నాటి పద్ధతియే కాగితము మీదికి వచ్చెను. దీనిని బోధన యని మనము పిలిచితిమిగాని, నిజమునకది నకలు తీయుట. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెనని మా ప్రార్థన. నేడు యంత్రము వచ్చి కొట్టివేయుచున్నది ఈ నకలు పనిని మాత్రమే.

ప్రాకారమును దాటి విశ్వవిద్యాలయము ఇంటికి వచ్చుటలో 1982 ఆగస్టు ఒక పెద్ద మెట్టు. ఆ నెల హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భారతదేశమున ఇట్టిది ఇదియే మొదటిది. 1969 లో ఇంగ్లండున పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దీనికి మేలుబంతి. దీని మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డి గారు, కరీంనగరు జిల్లా మైలారమున పుట్టినవారు. ఇంటరు చదువనివారు కూడ ఒక ప్రవేశపరీక్షలో నెగ్గినచో బి.ఏ. చదువవచ్చునని ఈ విద్యాపీఠము తలుపు తెరచెను. పాఠములు తెలుగులో అచ్చై తపాలాలో వచ్చెను, రేడియోలో వినబడెను, సెలవు దినములలో దగ్గరి కాలేజీ యందే అధ్యాపకులు సందేహములు తీర్చిరి. పెండ్లితో చదువు నిలిచిపోయిన గృహిణికి, పగలెల్ల గనిలోనో దుకాణమునందో పనిచేయువానికి, బడిపంతులుగా స్థిరపడి పై పరీక్ష కోరువానికి విశ్వవిద్యాలయము తానే యెదురువచ్చెను.

రాంరెడ్డి గారు 1985 లో ఢిల్లీకి పోయి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైరి. ఇక్కడ వారి పీఠమునకు సి. నారాయణరెడ్డి గారు వచ్చిరి. 1986 లో జాతీయ విద్యావిధానము వెలువడి, సార్వత్రిక విద్యను దేశమున వ్యాపింపజేయవలెనని చెప్పెను. అప్పుడు కేంద్రములో మానవవనరుల మంత్రి పి.వి. నరసింహారావు గారు. ఒక్క జిల్లా మట్టిలో పెరిగిన ముగ్గురు ఈ మార్పునకు పూనుకొనుట కాకతాళీయము కాదని మా తలంపు. చదువు కొరకు ఊరు విడువవలసివచ్చిన సీమవారికే చదువును ఊరికి తేవలెనను తపన యెక్కువ. 1991 లో ఆ విద్యాపీఠమునకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి. బడిలో దూరముగా కూర్చుండబెట్టబడి, పిదప లోకమున గొప్ప విశ్వవిద్యాలయములలో చదివిన మహనీయుని పేరు దానికి తగియున్నది.

ఇక కంప్యూటరు కాలము. మనదేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15 న లభించెను. 2003 లో ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞానసంస్థయు కూడి తమ యధ్యాపకుల పాఠములను ఎల్లరకు ఉచితముగా వినిపించు నెప్టెల్ అను కార్యమునకు దిగెను. 2017 లో స్వయం అను ప్రభుత్వ వేదిక వచ్చి, ఇంట కూర్చుండి చదివిన పాఠమునకు పరీక్ష పెట్టి యోగ్యతాపత్ర మిచ్చుచున్నది. చిత్తూరు జిల్లా కాటూరున పుట్టి అమెరికాలో ఆచార్యుడై, 1994 లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల గ్రంథములను కంప్యూటరు కెక్కించు మహాయజ్ఞమునకు నాయకులైరి. మనదేశమున ఆ పని జరిగినప్పుడు వేలకొలది తెలుగు గ్రంథములు, పాతపత్రికలు దానిలో చేరెను. ఆ ప్రతులలో అనేకము నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరకుచున్నవి. ఒకనాడు ఒక గ్రంథము కొరకు హైదరాబాదుకు రైలెక్కిన పరిశోధకుడు నేడు జగిత్యాలలో కూర్చుండి దానిని చదువుచున్నాడు. విశ్వవిద్యాలయపు మొదటి పని, అనగా గ్రంథములను కూర్చి దాచుట, ఈ రీతిగా ప్రాకారము దాటినది.

2008 సంవత్సరము మన రెండు జిల్లాలకును ముఖ్యమైనది. ఆ యేడు కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయమును, ఆదిలాబాదు జిల్లా బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖయు వెలసెను. బాసర నేడు నిర్మల జిల్లాలోనిది. సరస్వతీ క్షేత్రమగుటచే పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకు తల్లిదండ్రులు తరతరములుగా గోదావరి యొడ్డునకు వచ్చుచున్నారు. అక్కడనే పలకకు మారుగా కంప్యూటరును చేతికిచ్చు విద్యాలయము లేచుట విశేషము. పదవ తరగతి మార్కులను బట్టి పల్లెటి పిల్లలను చేర్చుకొని, ప్రభుత్వ పాఠశాలల వారికి కొంత అదనపు గణన యిచ్చి, ఆరేండ్లు ఒక్కచోట ఉంచి ఇంజనీరులను చేయుట దాని యుద్దేశము. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క లాప్‌టాప్ ఇచ్చిరి. పాఠము కంప్యూటరు చెప్పును, పక్కనున్న యధ్యాపకుడు సందేహము తీర్చును అను పద్ధతిని మొదటనే పెట్టిరి. రాజ్ రెడ్డి గారే దాని తొలి కులపతులు. ఇంజనీరు చదువు పట్టణపు ధనవంతుల సొత్తనుకొన్న కాలమున, కూలివాని కూతురు అక్కడ చేరి కంప్యూటరు ముందు కూర్చుండుట చిన్న మార్పు కాదు.

అయితే అదే విద్యాలయమున 2022 జూనులో విద్యార్థులు ఇంచుమించు వారము దినములు ఎండవానలలో బయట కూర్చుండి శాంతియుతముగా ఆందోళనము చేసిరి. స్థిరమైన ఉపాధ్యక్షుని నియమింపుడనియు, అధ్యాపకుల ఖాళీలు నింపుడనియు, మంచి తిండి, మంచి వసతి కల్పింపుడనియు వారి కోరికలు. ఈ కోరికలను శ్రద్ధగా చదువవలెను. యంత్రబోధనను దగ్గరగా రుచిచూచిన పిల్లలు వీరు. యంత్రము చాలును, మనుష్యులతో పనిలేదని చెప్పదగినవారుంటే వీరే చెప్పవలెను. వారు మాత్రము పెద్దదిక్కును, గురువును, కడుపునిండ అన్నమును అడిగిరి. సాంకేతికవిద్యను గూర్చిన పెక్కు గ్రంథములకంటె ఆ వారము మనకు ఎక్కువ పాఠము చెప్పినదని మే మనుకొనుచున్నాము.

అంతకు రెండేండ్ల ముందు మరియొక పరీక్ష వచ్చెను. 2020 మార్చిలో మహమ్మారి కారణమున బడులు, కాలేజీలు మూతపడెను. ఆ సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా బడిపాఠములను ప్రసారము చేసెను. కాలేజీ పాఠములు సెల్ ఫోనులలో నడిచెను. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మేము ఆ నెలలలో చూచిన దేమనగా, ఫోను ఒక్కటియే ఉన్న యింట అది మొదట కొడుకు చేతికి పోయెను. కూతురు పొయ్యి దగ్గరి పని ముగించుకొని వచ్చునప్పటికి పాఠము ముగిసెడిది. కొందరు బాలికలు ఆ సంవత్సరము తరువాత మరల బడికి రాలేదు, పెండ్లికూతుండ్రైరి. అడవిలోని గోండు, కొలాము గూడెములలో ఫోనున్నను సంకేతము అందదు. గుట్ట యెక్కి, చెట్టు క్రింద నిలిచి పాఠము వినుటకు ప్రయత్నించిన పిల్లల కథలు ఆనాడు సామాన్యము. పూర్వము తాళపత్రము చుట్టు కట్టిన గోడ కులపు గోడ. నేడు యంత్రము చుట్టు మరియొక గోడ లేచుచున్నది. అది డబ్బుది, దారిది, ఆడపిల్ల యను చిన్నచూపుది. గోడ పేరు మారినంత మాత్రమున అది గోడ కాకపోదు.

2016 నుండి మన రాష్ట్రమున డిగ్రీ కాలేజీల ప్రవేశము దోస్త్ అను ఒకే కంప్యూటరు పద్ధతి ద్వారా జరుగుచున్నది. కాలేజీ కాలేజీకి తిరిగి దరఖాస్తు లియ్యవలసిన శ్రమ తప్పెను. సిఫారసుల బెడదయు తగ్గెను. ఇది మేలే. కాని ఏ చదువు తన బిడ్డకు తగునో తెలియని తండ్రి మీసేవా దుకాణమునకు పోయి, అక్కడి కుర్రవాడు నొక్కిన మీటను బట్టి కొడుకు భవిష్యత్తును నిర్ణయించుట కూడ జరుగుచున్నది. యంత్రము త్రోవ చూపదు. నీవు చెప్పిన త్రోవను వేగముగా నడుపును. త్రోవ చెప్పువాడొకడు ముందు కావలెను.

ఇంతవరకు విశ్వవిద్యాలయము నుండి ప్రజలకు వచ్చు జ్ఞానమును గూర్చి చెప్పితిమి. ప్రజల నుండి విశ్వవిద్యాలయమునకు పోవు జ్ఞానము మాట యేమి? దీనికి ఆదిలాబాదు అడవులలో గొప్ప నిదర్శనము గలదు. 1940 లో జోడేఘాట్‌లో కొమురం భీము ప్రాణములర్పించిన పిదప, గోండుల స్థితిగతులను తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పంపెను. 1943 లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణము మొదలయ్యెను. గోండీ భాషలో వాచకములు నాగరిలిపిలో వెలువడెను. అడవి బిడ్డ తన భాషలోనే మొదటి యక్షరము నేర్చుట ఆనాటికి అద్భుతమైన సంస్కరణము. కాని గోండులకు తమ లిపి యొకటి కలదని ఆనాటి పండితు లెరుగరు. 2006 లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన జయధీర్ తిరుమలరావు ప్రభృతులు నార్నూరు మండలము గుంజాల గ్రామమున కొన్ని వ్రాతప్రతులను లోకమునకు తెలియజేసిరి. అవి సుమారు 1750 నాటివని చెప్పుదురు. ఆ గ్రామపు వృద్ధులు ఆ లిపిని చదువ నెరిగియుండిరి. ఆ పెద్దల దగ్గర పండితులు శిష్యులై కూర్చుండి నేర్చిరి. 2018 జూనులో గుంజాల గోండి లిపికి యూనికోడులో స్థానము లభించెను. అనగా ప్రపంచమున నే కంప్యూటరైనను ఆ యక్షరములను గుర్తింపవలసిన దయ్యెను. తెలుగు లిపికి ఆ గౌరవము 1991 లో వచ్చినది.

ఈ యొక్క కథలో విశ్వవిద్యాలయపు నేటి ధర్మము సంపూర్ణముగా నున్నది. గుంజాల వ్రాతప్రతిని ఏ యంత్రమును తనంతట తాను వెదకి తీయలేదు. మనుష్యులు పోయి, ముసలివారి చెంత కూర్చుండి, అక్షరమును అక్షరముతో పోల్చి, నిజమును అబద్ధమును వేరుచేసిన పిదపనే యంత్రము దానిని దేశదేశములకు మోసెను. వెదకుట, పరీక్షించుట మనుష్యుని వంతు. మోయుట యంత్రపు వంతు.

2022 చివర చాట్ జీపీటీ వచ్చినది మొదలు, ప్రశ్న యడిగినంతనే వ్యాసము వ్రాసి యిచ్చు యంత్రములు మన పిల్లల చేతులలో నున్నవి. ఇంటి వద్ద వ్రాసి తెచ్చిన వ్యాసమును చూచి మార్కులు వేయు పద్ధతి దీనితో శిథిలమైనది. విశ్వవిద్యాలయము యోగ్యతకు సాక్ష్యమిచ్చు తన మూడవ పనిని నిలుపుకొనవలెనన్న, విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నించుట, వాదింపజేయుట, ప్రయోగము చేయించుట తప్పదు. మన పూర్వుల శాస్త్రచర్చలు, వాక్యార్థసభలు ఇట్టివే. ఇంకొక సంగతి. ఈ యంత్రములు తమ మేధను ఎక్కడినుండియో తెచ్చుకొనలేదు. మనుష్యులు వ్రాసి ఇంటర్నెట్టులో నుంచిన దానినుండియే గ్రహించినవి. ఏ భాషలో మంచి వ్రాత విస్తారముగా నున్నదో ఆ భాషవానికి మంచి యుత్తరము వచ్చును. తెలుగున శాస్త్రములు వ్రాయనినాడు తెలుగు బిడ్డకు యంత్రమిచ్చు జవాబు కూడ పలుచనైనదే యగును. గోండీ బిడ్డకు అదియును దక్కదు. 1917 లో ఉర్దూ కొరకు అనువాదశాల నేల పెట్టిరో నేడు మన విశ్వవిద్యాలయములు తెలుగు కొరకును, గోండీ కొరకును ఆ పనిని అందులకే చేయవలెను.

కావున విశ్వవిద్యాలయము అక్కరలేని కాలము రాలేదని మా నిశ్చితాభిప్రాయము. అక్కరలేనిది నకలు చెప్పించు తరగతి, పట్టా నమ్ము దుకాణము. ఆ రెండును పోయిన కన్నీరు కార్చనక్కరలేదు. పాఠము వినుట ఇంట జరుగునుగాక. సందేహము తీరుట, సత్యము తేలుట, కులము మరచి పదిమంది ఒక్క బల్ల దగ్గర కూర్చుండుట విద్యాలయమున జరుగవలెను. ఈ చివరిదానిని ఏ యంత్రమును ఇంటికి తెచ్చి యియ్యజాలదు.

గృహస్థులు తమ వంతుగా చేయదగిన పనులు కొన్ని గలవు. ఇంటనున్న ఫోనునందు కొడుకునకెంత గడియయో కూతునకును అంత గడియ యని గట్టిగా నియమము పెట్టుడు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయముల కొరకు మనము సెస్సు కట్టుచున్నాము. ఆ గ్రంథాలయమున కంప్యూటరు, ఇంటర్నెట్టు, ఆడపిల్లలు నిర్భయముగా కూర్చుండు చోటు కలదో లేదో పోయి చూడుడు, లేనిచో అడుగుడు. ఇల్లాలు స్వయముగా సార్వత్రిక విద్యలో చేరదలచినచో వంటపనిలో ఒక పూట పురుషులు తీసికొనుడు. బిడ్డను కాలేజీలో చేర్చునప్పుడు భవనమెంత యెత్తు, కంప్యూటరు లెన్ని యని యడుగుటకు ముందు, ప్రశ్న వేసిన ఓపికతో జవాబు చెప్పు అధ్యాపకులెందరు గలరని యడుగుడు. బాసర పిల్లలు ఎండలో కూర్చుండి అడిగినది ఇదియే. వారు పదునెనిమిదేండ్ల వారు. అడుగుట వారికి తెలిసినది. అడుగవలసిన పెద్దలము మనమును గలము.